మోకాలి ఎత్తున మేకు

నిన్న పొద్దున కావలిలో, మా చిన్నపిల్లల బడికి కొత్తగా అద్దెకు తీసుకున్న గదిలో మేకులు కొట్టిస్తున్నాను. సుత్తి దెబ్బకు గోడలోని పాత సున్నం పొడిపొడిగా రాలి ముక్కుకు ఘాటుగా తగిలింది. మేకు ఎక్కడ కొట్టాలని మేస్త్రీ మస్తాన్ అడిగితే, మోకాలి దగ్గర చెయ్యి పెట్టి చూపించాను. అతను సుత్తి దించి నా వంక అనుమానంగా చూశాడు. "ఇంత కిందకా? ఎవురికి అందాలని మేడం?" అన్నాడు. మూడేళ్ళ పిల్లలకి అన్నాను. ఏం తగిలిస్తారంటే, నేల తుడిచే గుడ్డ అని చెప్పాను. అతనికి నవ్వాగలేదు. "మా ఇంట్లో పిల్లోళ్ళు ఒలకబోసేదే గానీ తుడిచిన పాపాన పోలేదు" అన్నాడు. మీ ఇంట్లో గుడ్డ ఎక్కడుంటుందయ్యా అని అడిగాను. "తలుపు మీద" అన్నాడు. మరింకేం అన్నాను. అతను మోకాళ్ళ మీద కూర్చుని మేకు కొట్టడం మొదలుపెట్టాడు.

ఆ సున్నం వాసన నన్ను ఇరవై ఏళ్ళ వెనక్కి, బోగోలుకు అవతల సముద్రం ఒడ్డునున్న ఒక పాలెంలోకి, అక్కడి చర్చి వెనకాల గదిలోకి లాక్కుపోయింది. ఆ గదిలో గోడ చుట్టూ మోకాలి ఎత్తున మేకులు కొట్టి ఉండేవి. ప్రతి మేకుకీ ఒక పాత గుడ్డ వేలాడుతుండేది. ఆ మేకులు కొట్టింది ఎస్తేరమ్మ టీచరు. పొట్టి మనిషి, వెడల్పాటి పాదాలు, చేతికి చనిపోయిన భర్త గడియారం. ఎప్పుడూ బుగ్గన వక్కపలుకు ఉండేది. పెద్దవాళ్ళతో మాట్లాడితే చురుక్కుమనేది. పిల్లలతో మాత్రం ఆమె గొంతు పక్క చాప దాకా కూడా వినిపించేది కాదు. ఆమె పెద్ద పెద్ద చదువులేమీ చదవలేదు. నేను చదివాను. మొదట్లో నాకు వచ్చిన జబ్బల్లా అదే.

నేను లోపలి ఊళ్ళలో వరి పండించే ఇంటి పిల్లని. టీచరు ట్రైనింగు పూర్తి చేసి రెండేళ్ళు ఇంట్లోనే ఉన్నాను. ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ "ఇంకా రాలేదా ఉద్యోగం?" అని అడిగి కాఫీ తాగి పోయేవాళ్ళు. చర్చి బడిలో పని దొరికిందంటే మా నాన్న ముఖం చిట్లించాడు గానీ, వద్దనలేదు. ఆ బడిని నడిపే చర్చి కమిటీలో దానియేలు మాస్టారని ఒక రిటైరైన హెడ్మాస్టరు గారు ఉండేవారు. ఆయన నన్ను పక్కకి పిలిచి అసలు సంగతి చెప్పారు. "ఎస్తేరమ్మ బిడ్డల్ని బాగా చూసుకుంటాది, దానికేం పేరు పెట్టేదిలేదు. కానీ పలక పట్టించదు. తల్లిదండ్రులు గోల చేస్తుండారు, కావలి ఇంగ్లీషు బడి వ్యాను పాలెం దాకా వస్తుండాది. మూడు నెలలు చూసి నాకు ఒక రిపోర్టు రాసియ్యి. ఈ పద్ధతి పనికిరాదంటే ఆమెను ఇంట్లో కూర్చోబెట్టి ఆ గది నీ చేతికిస్తాం" అన్నారు. నేను తల ఊపాను. ఎందుకు దాచాలి, బస్సెక్కక ముందే ఆ గదికి నేను హెడ్ టీచర్ని అయిపోయాను.

మొదటిరోజు అక్షరాల చార్టులు చుట్టగా చుట్టి చంకలో పెట్టుకుని వెళ్ళాను. తీరా చూస్తే ఆ గదిలో చార్టు తగిలించే చోటే లేదు. కింద బల్లల మీద చేపలు తూచే పాత తక్కెడ, సైజుల వారీగా సత్తు చెంబులు, తడి ఇసుక పోసిన పళ్ళెం, చిరిగిన వల ముక్కలు, వలకు కట్టే బెండ్లు, గంప నిండా ఆలిచిప్పలు. పద్దెనిమిది మంది పిల్లలు ఎవరి పనిలో వాళ్ళున్నారు. ఒకడు బియ్యంలోంచి రాళ్ళు ఏరుతున్నాడు. ఇద్దరు తక్కెడలో బెండ్లు ఒకవైపు, చిప్పలు ఒకవైపు వేసి వాదులాడుకుంటున్నారు. టీచరు ఏదీ చెప్పడం లేదు. ఇదేం బడి, తిరునాళ్ళలాగుంది అనుకున్నాను. అంతలో మూడేళ్ళ పిల్ల ఒకతి చెంబులోంచి గ్లాసులోకి నీళ్ళు పోసుకోబోయి సగం నేల మీద పోసింది. నేను ఒక్క ఉరుకున గుడ్డ అందుకున్నాను.

"ఆగుమే!" అంది ఎస్తేరమ్మ టీచరు. నేను ఆగిపోయాను. "ఆ గుడ్డ నీదా?" అంది. కాదన్నాను. "ఆ నీళ్ళు నువ్వు పోసినావా?" లేదన్నాను. "మరి నీకేం పని ఆడ?" నాకు ఒళ్ళు మండింది. ఆ పిల్ల మాత్రం మా ఇద్దరినీ పట్టించుకోకుండా నా చేతిలోంచి గుడ్డ లాక్కుని, నేల మీద బోర్లా పడుకున్నంత పని చేసి తుడిచింది. తుడవడం కంటే నీళ్ళని ఊరంతా పూయడమే ఎక్కువ. మళ్ళీ పిండింది, మళ్ళీ తుడిచింది. పావుగంట పట్టింది. చివరికి గుడ్డను మేకుకు తగిలించి, మళ్ళీ చెంబు అందుకుంది. ఈసారి రెండు చుక్కలే ఒలికాయి. ఆ పావుగంటా నా చేతులు ముందుకీ వెనక్కీ ఊగుతూనే ఉన్నాయి. టీచరు నా పక్కకొచ్చి నిలబడి మెల్లగా అంది: "చేతులు ఎనక్కి పెట్టుకో. అవి గమ్మునుండవు, వాటికీ ఒక పని చెప్పాల. ఒకదాన్ని ఇంకోదాన్ని పట్టుకోమను." అప్పుడు చూశాను, ఆమె చేతులు రెండూ నడుము వెనక ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి. వేళ్ళ కణుపులు తెల్లబడి ఉన్నాయి. అంటే ఆమెకీ అది తేలిక కాదన్నమాట. ఆ రోజు ఆ సంగతి నాకు తట్టలేదు, తర్వాత తట్టింది.

ఆ మూడు నెలలూ రోజూ సాయంత్రం బస్సులో కూర్చుని రిపోర్టు రాసుకునేదాన్ని. అక్షరాలు రావు, పాటలు రావు, క్రమశిక్షణ లేదు అని మూడు పేజీలు నింపాను. నాకు బలం చేకూర్చింది గంగ తల్లి రమణమ్మ. గంగ నాలుగేళ్ళ పిల్ల, గదిలో అందరికన్నా తక్కువ మాట్లాడేది. రమణమ్మ రేవులో చేపలు ఏరి తట్టకెత్తే పని చేసేది. ఒకరోజు తట్ట నెత్తి మీదుండగానే గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "టీచరమ్మా, మేము ఎట్టాగూ ఆడ చేపలు ఏరుకుని బతికేటోళ్ళం. నా బిడ్డ గూడా ఈడికొచ్చి చిప్పలు ఏరుకోవాల్నా? దానికోసమా నేను తలకి నూనె రాసి పంపించేది?" అంది. ఎస్తేరమ్మ టీచరుకు మాటకు మాట అప్పగించడం బాగా వచ్చు. కానీ ఆ రోజు ఆమె నోరు మెదపలేదు. రమణమ్మ వెళ్ళిపోయాక, "ఆమె అడిగింది న్యాయమేమే" అంది. "దానికి జవాబు నా దగ్గర నోటితో చెప్పేదిగా లేదు. కంటికి కనపడాల. ఆమెకి కూర్చుని చూసే తీరికేది?" ఆ మరుసటి రోజు నుంచి ఇసుక పళ్ళేలు ఒకటికి నాలుగయ్యాయి. వేలితో తడి ఇసుకలో అక్షరం గీయడం ఆమె అంతకుముందూ చేయించేదే, కాకపోతే అడిగిన పిల్లలకే. అప్పటికీ నేను రిపోర్టులో ఒక్క మాట మార్చలేదు.

కమిటీ వాళ్ళు గది చూడ్డానికి వస్తామని కబురు పంపిన రోజు నేను ముందు బస్సుకే వచ్చాను. గంజిపెట్టిన చీర కట్టుకున్నాను. టీచరు అయ్యగారింటికి, అంటే మా పాస్టరు గారింటికి, కుర్చీలు అడగడానికి వెళ్ళింది. గది చూస్తే ప్రాణం ఉసూరుమంది. గోడ మొదలు నుంచి గుమ్మం దాకా నేల మీద ఆలిచిప్పలు వరుసగా పరిచి ఉన్నాయి. అవి పది రోజులుగా అక్కడే ఉన్నాయి. గంగ ఒక్కొక్క చిప్పే తెచ్చి అక్కడ పెట్టడం నేను చూస్తూనే ఉన్నాను. సాయంత్రం మిగతా పిల్లల సామానంతా బల్లల మీదికి పోయేది, ఇవి మాత్రం నేల మీదే ఉండేవి. ఎస్తేరమ్మ టీచరు వాటి చుట్టూ చీపురు తిప్పి ఊడ్చేది. పిల్లలు వాటిని దాటుకుని నడిచేవాళ్ళు. ఈవిడ చాదస్తం కాకపోతే ఈ చెత్త ఇన్నాళ్ళెందుకని విసుక్కున్నాను. చీపురు తీసుకుని మొత్తం బకెట్లోకి ఎత్తి, చర్చి వెనక చింకి వలలూ చేప పొలుసులూ పారేసే కుప్పలో పోసి వచ్చాను. నేల కడిగాను. అద్దంలా ఉంది. నా వీపు నేనే తట్టుకోవడం ఒక్కటే తక్కువ.

గంగ వచ్చింది. గుమ్మంలో రెండు కాళ్ళూ దగ్గరగా పెట్టి నిలబడింది. ఏడవలేదు. లోపలికి వచ్చి, చిప్పలున్న చోట నేల మీద అరచెయ్యి ఆనించి చూసింది. తడి తగిలి చెయ్యి తీసి గౌనుకు తుడుచుకుంది. తర్వాత బయటికి వెళ్ళి, విప్పిన చెప్పులు మళ్ళీ తొడుక్కోవడం మొదలుపెట్టింది. ఇంటికి పోవడానికి. అప్పుడే కుర్చీ ఒకటి మోసుకుంటూ ఎస్తేరమ్మ టీచరు వచ్చింది. పిల్లని చూసింది, నేలని చూసింది, కుర్చీ దించింది.

"ఎవురు తీసినారు?" అంది.

"నేనే టీచర్. చెత్తనుకున్నా. కమిటీ వాళ్ళు వస్తుండారు గదా అని..."

"నాకెందుకు చెప్తుండావు? ఆ బిడ్డకి చెప్పు."

"నాలుగేళ్ళ పిల్లకా?"

"పోయింది నాలుగేళ్ళ పిల్లదే గదా."

"జీపు వచ్చేస్తాది టీచర్!"

"రానీ" అంది ఆమె. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది, నేనూ గొంతు పెంచి గట్టెక్కేదాన్ని.

మా ఇంట్లో పెద్దవాళ్ళు పిల్లలకి తప్పయిందని చెప్పడం నేను ఎరగను. మా నాన్న పొరపాటున కాలు తొక్కినా, "కాలు అడ్డం పెట్టుకున్నావేందే?" అనేవాడు. అలాంటి ఇంట్లో పెరిగిన నోరు నాది. చెప్పుల దగ్గర గంగ ఎదురుగా కూర్చున్నాను. "గంగా, నీ చిప్పలు నేనే ఊడ్చి పారేసినాను. నిన్నడగలేదు. తప్పు చేసినాను" అన్నాను. గంగ నా ముఖంలోకి చూసింది. అయ్యో పాపం అనే చూపు కాదది, క్షమించాననే చూపూ కాదు. పనిమంతురాలు పని గురించి అడిగినట్టు, "యాడ పోసినావు?" అంది. ఇద్దరం కుప్ప దగ్గరికి వెళ్ళాం. గంజిపెట్టిన చీరతో మోకాళ్ళ మీద కూర్చుని పొలుసుల్లో చేతులు పెట్టి చిప్పలు ఏరాను. జీపు దిగిన కమిటీ వాళ్ళకి మొట్టమొదట కనిపించింది ఆ దృశ్యమే. ముగ్గురు పెద్దమనుషులు, చెత్తకుప్పలో నేను. దానియేలు మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. నా హెడ్ టీచరు పదవికి అక్కడే నీళ్ళొదిలేశాను.

అందరం గదిలోకి వచ్చాం. "అక్షరాలు రాయించమ్మా ఎస్తేరమ్మా, చూద్దాం" అన్నారు ఒకాయన. "రాయిస్తా సార్. ఆ బిడ్డ పని సగంలో చెడింది, అది కానీండి. కూర్చోండి" అంది టీచరు. కుర్చీలు రెండే ఉన్నాయి. దానియేలు మాస్టారు గోడకు ఆనుకుని నిలబడ్డారు. గంగ బకెట్టు బోర్లించి అతి చిన్న చిప్ప వెతికింది. బియ్యపు గింజకంటే కాస్త పెద్దది. గోడ మొదట్లో పెట్టింది. దాని పక్కన దానికంటే వెంట్రుకవాసి పెద్దది. పెట్టడం, తల వంచి చూడడం, తీయడం, ఇంకొకటి పెట్టడం. అప్పుడు గాని ఈ గుడ్డి కళ్ళకు కనపడలేదు. అది పది రోజులుగా చిన్నదాన్నుంచి పెద్దదాని దాకా ఒక్కటీ తప్పకుండా పేర్చుకుంటూ వచ్చిన వరుస. నేను ఊడ్చింది చెత్త కాదు. గంట దాటింది. కుర్చీల్లో ఉన్నవాళ్ళు గడియారాలు చూసుకున్నారు, టీ తాగారు, పక్కనే ఇసుకలో గీసిన అక్షరాలు చూసి తల ఊపారు. గంగ గుమ్మం దాకా వచ్చి, వెనక్కి పోయి, వరుస మధ్యలో ఒక చిప్ప పట్టేంత చోటు వదిలి, అవతలి చిప్పలన్నీ ఒక్కొక్కటిగా పక్కకి జరిపింది.

"ఆ సందెందుకు పాపా?" అని అడిగారు మాస్టారు.

గంగ నా వైపు వేలు చూపించింది. "దీంట్లోది ఈయమ్మ పారేసింది."

అందరూ ఘొల్లున నవ్వారు. మాస్టారు నవ్వలేదు. కండువా భుజం మీదికి ఎగదోసుకుని నేల మీద కూర్చున్నారు. గంపలోంచి ఒక చిప్ప ఏరి ఆ సందులో పెట్టారు. "ఇది కాదు, లావు" అంది గంగ. ఇంకొకటి పెట్టారు. "సన్నం." మూడోది తీసి పక్క చిప్పలతో కొలిచి, కళ్ళద్దాలు పైకి నెట్టుకుని, ఊపిరి బిగబట్టి పెట్టారు. గంగ తల వంచి చూసింది. ఎన్ని వందల మందికి మార్కులు వేశారో ఆయన, ఆ క్షణంలో ఆ పిల్ల నోటి వంక చూస్తూ కూర్చున్నారు. "ఊఁ" అంది గంగ. ఆయన మోకాళ్ళు పట్టుకుని లేస్తుంటే నేను చెయ్యి అందించబోయాను. ఎస్తేరమ్మ టీచరు నా కొంగు పట్టి వెనక్కి లాగింది. ఆయనే లేచారు.

వెళ్ళేటప్పుడు జీపు దగ్గర ఆయన నన్ను అడిగారు, రిపోర్టు ఏదమ్మా అని. మూడు పేజీలూ నా సంచిలోనే ఉన్నాయి. ఇస్తే పని అయిపోతుంది, గది నాదవుతుంది. ఒక్క నిమిషం ఆ ఆశ నన్ను నిజంగానే పట్టుకుంది. "రాసినాను సార్, కానీ చూడకుండా రాసినాను. ఇంకో ఏడాది ఆమె దగ్గర చూడనియ్యండి" అన్నాను. ఆయన గది వైపు చూసి, "సరే, చూడు" అని జీపెక్కారు. ఆ సాయంత్రం ఆ కాగితాలు చించి పారేశాను.

అలాగని ఆ రోజుతో అన్నీ చక్కబడ్డాయని అనుకోకండి. వ్యాను రావడం మానలేదు. పద్దెనిమిది మందిలో ఏడుగురు అందులో ఎక్కి వెళ్ళిపోయారు. వాళ్ళ తల్లులను ఎస్తేరమ్మ టీచరు పల్లెత్తు మాట అనలేదు. రమణమ్మ మాత్రం ఒకరోజు తట్ట దించి గుమ్మంలో అరగంట కూర్చుంది. గంగ వరుస చూసింది, ఇసుకలో అక్షరాలు చూసింది. "ఈ ఏడాది ఉండనీలే" అని లేచిపోయింది. గది నిలబడింది. నేను ఒక ఏడాదికని అడిగి ఆరేళ్ళు ఉన్నాను. ఆ పిల్లలు ఇప్పుడేమయ్యారో చెప్పి మిమ్మల్ని మెప్పించాలని నాకూ నోరు దురదపెడుతుంది. కానీ ఎస్తేరమ్మ టీచరుకు ఆ లెక్క చిరాకు. ఎవరైనా ఆ మాట ఎత్తితే, "వాళ్ళు ఏమైతే నాకేం? ఆ రోజు గ్లాసులో నీళ్ళు ఒలక్కుండా పోసుకున్నారా లేదా, అది చెప్పు" అనేది. కాబట్టి చెప్పను.

రెండేళ్ళ కింద ఆమెకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. కబురు తెలిసి పాలెం వెళ్ళాను. మంచం గోడ వారగా వేసి ఉంది. మనిషి సగమైంది, బుగ్గన వక్కపలుకు లేదు. నన్ను చూడగానే సగం మూతితో నవ్వింది. కోడలు దేవమణి మంచి పిల్ల, అత్తగారిని కాలు కింద పెట్టనివ్వడం లేదు. అన్నం తినిపిస్తుంది, మూతి తుడుస్తుంది, నీళ్ళు తాపుతుంది. నేను మాట్లాడుతుండగా టీచరు ఎడమ చెయ్యి స్టూలు మీది గ్లాసు వైపు పోయింది. దేవమణి గబుక్కున లేచి, "అత్తా, ఉండుండు, నేను తాపిస్తా" అంది. ఆ చెయ్యి వెనక్కి పోయింది. టీచరు కళ్ళు మూసుకుంది. ఆ ముఖం నేను ఎరుగుదును. చెప్పుల దగ్గర కూర్చున్న గంగ ముఖం అది.

దేవమణి చెయ్యి పట్టుకుని నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. "టీచర్, మీరే తాగండి" అన్నాను. ఆమె కళ్ళు తెరిచింది. ఎడమ చెయ్యి వణుకుతూ గ్లాసు అందుకుంది. సగం నీళ్ళు మెడ మీదా, జాకెట్టు మీదా, పక్క మీదా పోయాయి. నా చేతులు రెండూ వెనకాల ఒకదాన్నొకటి పట్టుకున్నాయి, గోళ్ళు దిగేటట్టు. కళ్ళ నీళ్ళు ఆగలేదు, వాటిని తుడుచుకోవడానికి కూడా చేతులు ముందుకు తేలేదు. రెండు గుక్కలు గొంతు దిగాయి. గ్లాసు స్టూలు మీద పెట్టి, ముద్ద మాటతో "గుడ్డ" అంది. గుడ్డ తలుపు మీద ఉంది. దేవమణి నా వంక చూసింది. నేను లేచి ఆ గుడ్డ తీసి ఆమె చేతికిచ్చాను. ఆమె మెడ తుడుచుకుంది, స్టూలు తుడిచింది, మళ్ళీ గుడ్డ ఎక్కడ పెట్టాలో తెలియక చుట్టూ చూసింది.

"ఇంట్లో సుత్తి ఉందా దేవమణీ? ఒక మేకు కూడా" అన్నాను. పాపం ఆ పిల్లకి ఏమీ అర్థం కాలేదు గానీ, తెచ్చిచ్చింది. మంచం పక్కన గోడకు ఆనించి, ఇక్కడైతే అందుతుందిలే అనుకుని మేకు పెట్టి సుత్తి ఎత్తాను. మంచం మీద నుంచి టీచరు ఎడమ చెయ్యి గోడ మీదికి చాచింది. వేళ్ళు మేకుకు జానెడు కిందే ఆగిపోయాయి.

"ఇంకొంచెం కిందకిమే" అంది.